నీలం టేపు చుట్ట

ఇక్కడ చదువుకోవడానికొచ్చిన మన పిల్లలు ఆదివారం పూట మా పార్కులో క్రికెట్ ఆడి, అలిసిపోయి నా బెంచీ మీద కూలబడుతుంటారు. "అంకుల్, రిటైరయ్యారా? ఏ కంపెనీ?" అని అడుగుతారు. నా వయసు తెలుగువాడు అమెరికాలో, ఈ జార్జియా రాష్ట్రంలో కనిపిస్తే డాక్టరో ఇంజనీరో అయ్యుంటాడని వాళ్ళ ఉద్దేశం. వేట సామాన్ల కొట్టులో అరలు సర్దేవాణ్ణి అంటే ముందు నవ్వుతారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. బతకడం ఎలాగో చెప్పడానికి కాదు, అది నాకూ సరిగ్గా తెలియదు. ఒక కస్టమర్ గురించి చెబుతాను, అంతే.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. తెలుగు రాత్రి బడిలో నేర్చుకున్నాను, అప్పటికే మీసాలు నెరుస్తున్నాయి. ఇంగ్లీషు ఆ కొట్టులోనే అట్టపెట్టెల మీద చూసి కూడబలుక్కున్నాను. అంచేత నా రాతలో సొగసులు వెతక్కండి. ఇందులో అమెరికావాళ్ళు మాట్లాడింది ఇంగ్లీషే. నాకు ఎలా అర్థమైందో అలా తెలుగులో పెడుతున్నాను.

మా బావమరిది పిలిపిస్తే వచ్చాం, నేనూ మా ఆవిడా. కమ్మింగ్ అనే ఊరికి ఇంకా పైన, కొండల వైపు పోయే రోడ్డు పక్కన ఉండేది ఆ కొట్టు. విల్లులు, బాణాలు, చెట్టుకు కట్టుకునే మంచెలు, ఆకుల బొమ్మల చొక్కాలు అమ్మేవాళ్ళం. జింక మూత్రం కూడా సీసాల్లో అమ్మేవాళ్ళం. నవ్వకండి, కొనేవాళ్ళు వరస కట్టేవాళ్ళు. సిమెంటు నేల మీద రోజంతా నిలబడే ఉద్యోగం. సాయంత్రానికి మోకాళ్ళు నావి కావేమో అనిపించేది. ఆ నొప్పి ఉద్యోగంతో పాటు రిటైర్ కాలేదు.

టేపు అమ్మేది కూడా నా అరలోనే. జిగురుండదు, పల్చటి ప్లాస్టిక్ రిబ్బను. అడవిలో దారి గుర్తు కోసం కొమ్మలకు కడతారు. విల్లుతో వేటాడేవాడికి అది లేకపోతే పని జరగదు. బాణం తగిలినా జింక అక్కడే పడిపోదు, పరిగెత్తుతుంది. వేటగాడు కాసేపు మంచె మీదే ఆగి, అప్పుడు దిగి నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ పోతాడు. చుక్క కనిపించిన చోటల్లా ఒక టేపు కడతాడు. చుక్కలు తెగిపోయినప్పుడు వెనక్కి తిరిగి చూస్తాడు. టేపులన్నీ ఒక వరసలో కనిపిస్తే జింక ఎటు పోయిందో తెలిసిపోతుంది. అయిపోయాక కట్టినవన్నీ విప్పుకుని పోవాలి. ఇదీ పద్ధతి.

నేను చెబుతానన్న కస్టమర్, ఆ తెల్ల పెద్దాయన, ప్రతి ఏడూ చలి మొదలవగానే వచ్చేవాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయింది. తుంటి ఎముకలు అరిగిపోయి, పడవలో నిలబడ్డట్టు ఊగుతూ నడిచేవాడు. నేరుగా నా అర దగ్గరికొచ్చి నీలం రంగు టేపు చుట్ట ఒకటి తీసుకునేవాడు. మిగతా అందరూ నారింజో గులాబీయో కొనేవాళ్ళు. నీలం కొనేది ఈయనొక్కడే.

విల్లుల కౌంటర్ చూసుకునే ఆవిడ ఈయన్ని ఏడిపించేది. ఆవిడ మంచి వేటగత్తె, బొంగురు గొంతు. నన్ను 'బాస్' అని పిలిచేది, వెక్కిరింతగానే. "బాస్, మీ నీలం దొరగారొచ్చారు. తివాచీ పరుచు" అనేది. ఆయన పట్టించుకునేవాడు కాదు. "నీలం మా ఆవిడకి ఇష్టం" అనేవాడు. నమ్మేశాం. నమ్మకపోవడానికి ఏముంది?

ఒక ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. అమ్ముడుపోని సరుకు అరల మీద ఉండకూడదన్నాడు. నీలం టేపు తెప్పించడం మానేశాడు. పెద్దాయన వచ్చి అర ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"నీలం ఏదీ?"

"రావట్లేదండీ. నారింజ తీసుకోండి."

"లోపల ఎక్కడైనా పాతది ఉందేమో చూస్తావా, బడీ?" నన్ను అలాగే పిలిచేవాడు, నేస్తం అని.

"చూశాను, లేదు. అయినా ఏ రంగైతే ఏముంది? టేపు టేపేగా."

ఆయన నారింజ చుట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే" అన్నాడు. నేను ఇంకో పెట్టె విప్పే పనిలో పడ్డాను.

ఆయన వేటాడేది మామూలు అడవిలో కాదు. మా వైపు ఒక చెరువు చుట్టూ పెద్ద పెద్ద ఇళ్ళ కాలనీ ఉంది. ఇళ్ళ వెనకాలంతా చెట్లే. జింకలు విపరీతంగా పెరిగి తోటలు మేసేసేవి, కార్లకి అడ్డం పడేవి. ఇళ్ళ మధ్య తుపాకీ పేల్చడానికి లేదు కనక కాలనీవాళ్ళు ఏడాదికోసారి విల్లుతో వేట పెట్టించేవాళ్ళు. వచ్చినవాళ్ళకి గురి పరీక్ష పెట్టి కొందరిని ఎంచుకుని, ఎవరి మంచె వాళ్ళకి చూపించేవాళ్ళు. మంచెలు పొట్టివి, బండి దారికి దగ్గర. కొండలెక్కలేని ఆ పెద్దాయనకి వేటాడ్డానికి మిగిలిన చోటు అదొక్కటే. ఆయన ఏడాదంతా ఎదురు చూసేది ఆ శనివారాల కోసమే. ఆ సంగతి మా కొట్టులో అందరికీ తెలుసు.

అక్కడ ఒక గట్టి రూలు ఉండేది. గురి తప్పితే ఎవరూ ఏమీ అనరు. కానీ బాణం తగిలిన జింకని మధ్యాహ్నం పన్నెండు లోపల వెతికి తీసుకురావాలి. తేలేకపోతే మళ్ళీ ఏడు చోటు లేదు, ఆ పై ఏడు కూడా లేదు. బాణం గుచ్చుకున్న జింక వెళ్ళి ఎవరి పెరట్లోనో పిల్లల ముందు పడిపోతే కాలనీ గగ్గోలెత్తి మొత్తం వేటనే ఆపేస్తుందని వాళ్ళ భయం.

ఆ శనివారం మా కొట్టు తరఫున వేట మొదలయ్యే చోట బల్ల వేసి కాఫీ పోయమని నన్నూ కౌంటర్ ఆవిడనీ పంపారు. చెట్లన్నీ రంగు తిరిగాయి. నేలంతా ఎరుపూ గోధుమరంగూ ఆకులు మోకాలెత్తున ఉన్నాయి. వేటగాళ్ళు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు. పెద్దాయన చాలా ఆలస్యంగా, విల్లు లేకుండా వచ్చాడు. మొహానికి ఆకుపచ్చ రంగు పూసుకుని ఉన్నాడు, ఆ రంగు కింద చెమటలు.

"కొట్టాను. ఆడజింక. బాగానే తగిలింది. వెతకడానికి ఒక మనిషి కావాలి" అన్నాడు.

కౌంటర్ ఆవిడ కప్పు పక్కన పెట్టి లేచింది. "పద, నేనొస్తా."

"నువ్వొద్దు. ఇతన్ని రానీ."

"బాసా? బాస్‌కి జింకకీ కుక్కకీ తేడా తెలీదు!"

"అతన్నే రమ్మంటున్నాను."

ఎందుకో నాకర్థం కాలేదు. అక్కడ అంతమంది వేటగాళ్ళుండగా మోకాళ్ళ నొప్పుల ముసలాణ్ణి నన్నెందుకు? కానీ కస్టమర్ అడిగితే కాదనే అలవాటు లేదు నాకు. వెళ్ళాను.

టేపులు మంచె దగ్గర్నుంచి చక్కగానే మొదలయ్యాయి. ఒకటి, దాని తర్వాత ఒకటి. ఆయన జేబులో చిన్న స్ప్రే బాటిల్ ఉంది. గాయాలు కడిగే పెరాక్సైడ్. ఆకుల మీద చల్లితే నెత్తురున్న చోట తెల్లటి నురగ పొంగుతుంది. పొద్దున్న ఆయన ఒక్కడే అలా వంగుతూ, చల్లుతూ, నురగ వచ్చిన చోటల్లా టేపు కట్టుకుంటూ వెళ్ళాడట. ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నాను.

కొంచెం దూరం పోయేసరికి టేపుల వరస వంకర తిరిగింది. ఇంకొంచెం పోతే ఒక కొమ్మకి రెండు టేపులు కనిపించాయి. పక్క పొదకీ రెండు. దాని పక్కన సన్నటి మేపుల్ మొక్కకి మూడు. అన్నీ ఒకే రకం ముడి, ఆయన ముడి. తాను కట్టిన టేపు పక్కనే మళ్ళీ టేపు కట్టుకుంటూ మనిషి ఆ జాగాలోనే గుండ్రంగా తిరిగాడు.

"ఇక్కడ ముందే టేపు ఉందిగా, మళ్ళీ ఎందుకు కట్టారు?" అన్నాను.

"ఎక్కడ?"

"ఇదిగో, ఇక్కడే. మీ ముక్కు ముందు."

ఆయన చెయ్యి చాపి కొమ్మని తడుముకుంటూ వచ్చాడు. వేళ్ళకి టేపు తగిలింది. దాని పక్కన ఇంకోటి తగిలింది. అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. అప్పటికి కానీ నా మొద్దు బుర్రకి ఎక్కలేదు.

"మీకు ఈ రంగు కనిపించదా?"

"టేపు కనిపిస్తుంది. ఆకుల్లో పడితే ఆకులాగే కనిపిస్తుంది. నెత్తురూ అంతే. పుట్టినప్పట్నుంచీ ఇంతే. నీలం ఒక్కటే నాకు విడిగా తెలుస్తుంది."

"మరి బస్సు ఎలా నడిపారు? సిగ్నల్ లైట్లు?"

"పై లైటు వెలిగితే ఆగడం, కింద లైటు వెలిగితే పోవడం. రంగుతో ఏం పని?" అని, "ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"ఎవరికి చెబుతాను? నా ఇంగ్లీషు మీకొక్కరికే అర్థమవుతుంది."

నవ్వాడు కానీ నవ్వు కళ్ళ దాకా రాలేదు. వేటగాళ్ళని వదిలేసి నన్నెందుకు పిలిచాడో తెలిసింది. నాతో అయితే పరువు పోదు.

అక్కణ్ణుంచి నేను ముందు నడిచాను. చుక్కలు నాకు బాగానే కనిపిస్తున్నాయి. నేను చూపిస్తుంటే ఆయన కడుతూ వచ్చాడు. అలా చెట్లు దాటి ఒక ఇంటి పెరటి కంచె దాకా వెళ్ళాం. కంచె పైకర్ర మీద అరచేయంత నెత్తురు మరక ఉంది. జింక దూకి లోపలికి పోయింది. ఇంటివాళ్ళ అనుమతి లేకుండా కంచె దాటడానికి లేదు. టైము పదకొండు దాటింది.

కౌంటర్ ఆవిడ ఫోన్ చేసింది. ఎక్కడున్నామో చెప్పాను. "ఆయనకివ్వు" అంది. స్పీకర్ నొక్కి ఇచ్చాను.

"విను, పెద్దమనిషీ. వెనక్కొచ్చే దారిలో టేపులన్నీ పీకేసెయ్. బాణం రెండుసార్లు మట్టిలో గుచ్చి తుడిచెయ్. గురి తప్పిందని చెప్పు. ఎవరు చూశారు? బాస్ నోరు విప్పడు. ఈ చోటు కూడా పోతే నువ్వు చలికాలమంతా టీవీ ముందు కూర్చోవాలి."

ఆవిడ ప్రేమతోనే చెప్పింది. రూలు ప్రకారం టేపులు ఎలాగూ విప్పాల్సిందే. విప్పేస్తే జింకకి తగిలిందనే గుర్తే ఉండదు.

ఆయన కంచె అవతలికి చూస్తూ నిలబడ్డాడు. "మరి అదేమైపోవాలి?" అన్నాడు.

"ఏది?" అంది ఆవిడ.

"జింక."

ఆయన ఫోన్ నాకిచ్చేసి, చివరి టేపు కంచె కర్రకి కట్టి, రెండో ముడి కూడా వేశాడు.

చుట్టూ తిరిగి ఇంటి ముందుకి వచ్చాం. రోడ్డంతా కార్లే. గుమ్మానికి మామిడాకుల తోరణం. ప్లాస్టిక్‌దే అనుకోండి. కార్తీకమాసం కదా, లోపల్నించి మంత్రాలు వినిపిస్తున్నాయి. బెల్లు కొట్టగానే పట్టుపంచె కట్టుకున్న కుర్రాడు తలుపు తీశాడు. గుళ్ళో నాకు తెలిసినవాడే, ఏదో పెద్ద కంపెనీలో ఇంజనీరు.

"అంకుల్! మీరేంటి ఇక్కడ? రండి రండి, ఆంటీ రాలేదా?" అంటూనే నా వెనకాల మొహానికి రంగు పూసుకున్న తెల్లాయన్ని చూసి రెండడుగులు వెనక్కేశాడు.

"బాబూ, మీ పెరట్లోకి దెబ్బ తిన్న జింక ఒకటి వచ్చింది. ఒక్కసారి చూసుకుని తీసుకెళ్ళిపోతాం."

"అంకుల్, వ్రతం నడుస్తోంది! పీటల మీంచి లేచి వచ్చాను. ఇప్పుడు జింక, నెత్తురు అంటారేంటి?"

"పక్క గేటులోంచి పోతాం. ఇంట్లోకి రాము."

"పెరట్లోనే భోజనాల బల్లలు వేశాం. అందరూ అటే చూస్తుంటారు. మా అత్తగారు చూశారంటే ఇంక అంతే. ప్లీజ్ అంకుల్."

"ఈ వేటకి మీ కాలనీవాళ్ళేగా ఓటేసింది?"

"ఓటేశాం అంకుల్. గోంగూర మడి మొత్తం తినేశాయి, ఎందుకెయ్యం? కానీ మా పెరట్లో కాదు కదా!" గొంతు తగ్గించి, "భోజనాలయ్యాక నేనే గేటు తీస్తాను, ప్రామిస్. ఇప్పుడు మాత్రం వద్దు" అన్నాడు.

లోపల్నించి ఎవరో పిలిచారు. తలుపు పడింది. నాకు కోపం రాలేదు. పీటల మీద నేనున్నా అదే అనేవాణ్ణేమో.

పెద్దాయనకి చెప్పాను, దేవుడి పని నడుస్తోంది, భోజనాలయ్యాక రమ్మన్నాడని. "చర్చి టైమా? సరే, ఆగుదాం" అన్నాడు. గడియారం వైపు కూడా చూడలేదు.

పన్నెండుకి వెళ్ళి, కాలనీ తరఫున ఈ వేట నడిపించే పెద్ద ముందు నిలబడ్డాం. సైన్యంలో చేసొచ్చిన మనిషి, వెన్ను కర్రలా ఉంటుంది. చెడ్డవాడు కాదు.

"నీ సంగతేంటి? తప్పిందా?" అన్నాడు. ఆ అడగడంలోనే ఒక సందు వదిలాడు. నేను విన్నాను, కౌంటర్ ఆవిడ విన్నది, పెద్దాయనా విన్నాడు.

"తప్పలేదు. కొట్టాను. ఒక పెరట్లో పడుంది. తీసుకురాలేకపోయాను."

"అనుమతి ఇవ్వలేదా?"

"వాళ్ళకి పూజ ఉంది. అయ్యాక ఇస్తారు."

వేట పెద్ద టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "రూలు నేనే పెట్టాను, నీ కోసం మార్చలేను. నీకు తెలుసు."

"తెలుసు" అన్నాడు పెద్దాయన. అంతే. కౌంటర్ ఆవిడ కాఫీ పోస్తున్నట్టు అటు తిరిగింది. పొయ్యడానికి ఎదురుగా ఎవరూ లేరు.

ఆ కుర్రాడి ఇంటి ముందు మా కొట్టు ట్రక్కులో కూర్చున్నాం, నేనూ ఆయనా. ఎంతసేపో కూర్చున్నాం. చివరికి కుర్రాడే వచ్చాడు, రెండు పేపరు ప్లేట్లలో పులిహోర, రవ్వ ప్రసాదం పట్టుకుని. మొహం చిన్నబోయి ఉంది. "అంకుల్, తినండి. మీ ఫ్రెండ్‌కి కారం ఎక్కువవుతుందేమో" అన్నాడు. పెద్దాయన రంగు మొహంతోనే ప్రసాదం తిన్నాడు.

"ఇదేంటి?"

"దేవుడికి పెట్టింది."

"బాగుంది" అని ప్లేటు వేలితో తుడిచి మరీ తిన్నాడు.

అందరూ లోపల హాల్లో ఫొటోలు తీసుకుంటుంటే కుర్రాడు పక్క గేటు తీశాడు. జింక షెడ్డు వెనక, ఎండుటాకుల మీద ఒక పక్కకి పడుకుని ఉంది. ఎప్పుడో పోయింది. పెద్దాయన నా భుజం పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, దాని మెడ మీద చెయ్యి వేశాడు. చలిరోజు కాబట్టి మాంసం చెడలేదు. దుప్పటి కప్పి ముగ్గురం మోసుకొచ్చి ట్రక్కులో వేశాం. పట్టుపంచె కుర్రాడు కాళ్ళవైపు పట్టుకున్నాడు. పంచెకి మరక అంటింది కూడా. వాళ్ళ అత్తగారికి ఏం చెప్పాడో నేనడగలేదు.

టేపులు మిగిలిపోయాయి. పెద్దాయనకి ఇక ఆ చెట్లలోకి వెళ్ళడానికి లేదు. మర్నాడు నేను వెళ్ళాను. కంచె దగ్గర్నుంచి మంచె దాకా వెనక్కి నడుస్తూ ఒక్కొక్కటే విప్పాను. గట్టి ముళ్ళు, చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆ గుండ్రంగా తిరిగిన చోటికి వచ్చేసరికి నాకూ ఓపికైపోయింది. మేపుల్ మొక్క పక్కన కూర్చున్నాను. కూర్చుని చూస్తే చుట్టూ నారింజ టేపులే, ఎటు చూసినా కళ్ళు చెదిరేట్టు. ఇవన్నీ ఆయనకి ఎండుటాకులు. వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడల్లా తాను ఎక్కణ్ణుంచి వచ్చాడో కూడా కనిపించని మనిషి, ఇంటికి పోకుండా, మళ్ళీ మళ్ళీ వంగి వెతికాడు.

కొట్టుకి వెళ్ళి మేనేజరుని అడిగాను, ఒక్క నీలం చుట్ట తెప్పించమని. ఎవరు కొంటారన్నాడు. నేను కొంటానన్నాను. పిచ్చాణ్ణి చూసినట్టు చూసి తెప్పించాడు. దాన్ని నా అరలో అన్నిటికన్నా వెనక పెట్టాను.

మళ్ళీ చలికాలం వచ్చింది. పెద్దాయన వచ్చాడు, ఈసారి చేతికర్రతో. పిట్టల గింజల సంచీ కావాలన్నాడు. పెరట్లో డబ్బా వేలాడదీశాడట, పిట్టలొస్తున్నాయట. సంచీ కార్లో పెట్టి వచ్చి, వెనకనుంచి నీలం చుట్ట తీసి ఆయన చేతిలో పెట్టాను.

చూశాడు. బొటనవేలితో కొస విప్పి, కిటికీ వెలుతురులో పైకెత్తి చూశాడు. "ఇదీ, ఇది కనిపిస్తుంది" అన్నాడు. మళ్ళీ జాగ్రత్తగా చుట్టి నాకే ఇచ్చేశాడు.

"ఇంక నేనెక్కడికి పోతాను, బడీ? నువ్వు వాడుకో."

పై ఏడు రాలేదు. ఏమయ్యాడో కౌంటర్ ఆవిడకి తెలిసే ఉంటుంది. ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను మానేసిన రోజున ఆ చుట్టని సంచీలో వేసుకుని వచ్చేశాను.

ఇప్పుడు మా ఆవిడ దాంతో కాకర పాదు పందిరికి తీగలు కట్టుకుంటోంది. చుట్ట ఇంకా సగం ఉంది. మొన్న కిటికీ దగ్గర్నుంచి పిలిచి, "ఏమండీ, ఈ నీలం టేపు భలే పనికొచ్చిందండీ, ఇంత దూరాన్నుంచి కూడా కనిపిస్తోంది" అంది.

కనిపిస్తుంది అన్నాను.